ట్రాక్స్ కాదు చిచ్చా, ట్రాక్!

ఇప్పుడు దమ్మపేట సెంటర్లో నిలబడితే ఎటు చూసినా ఆటోలే. ట్రాక్స్ జీపంటే ఏందని అడిగే పిల్లలు కూడా తయారయ్యారు. వాళ్ళను అనీ లాభం లేదు, వాళ్ళు పుట్టేసరికే ఆ బళ్ళు తుక్కు కింద పోయాయి. ఆ సెంటర్లోనే వెల్డింగు షెడ్డున్న అహ్మద్ పాషాకు మాత్రం దూరం నుంచి ముసలి డీజిల్ ఇంజను గరగర వినిపిస్తే చాలు, ఇవాళ్టికీ చేతిలో పని ఆపి రోడ్డు వైపు చూస్తాడు.

ఆ రోజులే వేరు. పన్నెండుమందికని చేసిన జీపులో పాతికమంది ఎక్కేవాళ్ళు. టాపు మీద కోళ్ళగంపలు, వెనక మెట్టు మీద నలుగురు. డ్రైవరు తన సీట్లో కూడా ఒకణ్ణి ఇరికించుకుని, తాను సగం బయటికి వేలాడుతూ తోలేవాడు. సత్తుపల్లి వైపు, అశ్వారావుపేట వైపు, ములకలపల్లి అడవి వైపు సంతరోజున దుమ్మే దుమ్ము. ఆ దుమ్ములో తిరిగే జీపులన్నిటికీ ముందు బంపరు పాషా చేతిదే. బండితో వచ్చిన బంపరు మన దారికి చాలదనేవాడు. అడవిలో పందులు అడ్డమొస్తాయి, ఎడ్లు అడ్డమొస్తాయి, నాలుగు చినుకులు పడితే రోడ్డే అడ్డమొస్తుంది. అందుకని మందపాటి ఇనప పైపు తెచ్చి, వంచి, వెల్డింగు పెట్టి, చాసిస్‌కు నాలుగు బోల్టులతో బిగించేవాడు.

టేపు ముట్టుకునేవాడు కాదు. అన్నీ జానలూ వేళ్ళే. ట్రాక్స్ ముందు భాగం ఎనిమిది జానలకు రెండు వేళ్ళు తక్కువ, అంతే, ఇంక చూడాల్సిన పని లేదు. పనంతా అయ్యాక ఎడమ కొసన పంచ్ పెట్టి మూడు చుక్కలు కొట్టేవాడు. అది అతని సంతకం. ఆ మూడు చుక్కలు చూసి బేరగాళ్ళు పాత జీపైనా అడిగిన ధరకు మరో మాట లేకుండా ఒప్పుకునేవాళ్ళంటే, అబద్ధం అనిపించవచ్చు గానీ, నిజమే.

ఆ జీపులన్నిట్లో పాషాకు ప్రాణమైనది సంసోను జీపు. సంసోను ములకలపల్లి దారిన తోలేవాడు. చర్చిలో పాడే పాటలన్నీ స్టీరింగు మీద దరువేస్తూ పాడేవాడు, గొంతు మాత్రం దేవుడు కూడా ఓర్చుకోవాల్సినదే. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య షెడ్డు ముందు బండాపి, బంపరు మీదే కూర్చుని టీ తాగేవాడు. "నువ్వు గిట్ల బంపర్లు చేస్తుంటె కుర్చీలు చేసేటోళ్ళు ఏం బతుకుతరు పాషా," అనేవాడు. క్రిస్మసుకు ఆ ఇంటి అరిసెలు ఇటూ, రంజానుకు ఈ ఇంటి షీర్‌ఖుర్మా అటూ పోతుండేవి. సంసోను కొడుకు జస్టిన్ నడక నేర్చింది కూడా ఆ షెడ్డులోని ఇనప సామాను పట్టుకునే. పాషాను బాబాయి వరసపెట్టి చిచ్చా అని పిలిచేవాడు.

తొంభై ఎనిమిది ఆగస్టులో సంసోను జీపు బంపరు ఎద్దుబండికి తగిలి ఒంగింది. పాషా దాన్ని విప్పి, సాపు చేసి, రంగు వేసి ఆరబెట్టాడు. బిగించడమే మిగిలింది. మధ్యాహ్నం సంసోను పరుగున వచ్చాడు.

"పాషా, ములకలపల్లి అవతల ఒకామెకు నొప్పులొస్తున్నయంట. దవాఖానాకు తేవాలె. బంపర్ రేపు పెట్టుకుంట."

"ఒక్క అరగంట ఆగు సంసోను."

"ఆగదు భాయ్."

"సరే పో," అన్నాడు పాషా.

వానకు నానిన మలుపులో జీపు జారి చెట్టును గుద్దింది. మూడో రోజున ఖమ్మం దవాఖానాలో సంసోను పోయాడు. ఆ నొప్పులు పడుతున్న ఆమెను ఎడ్లబండి మీద తెచ్చారు, తల్లీబిడ్డా దక్కారు. ఆ వేగానికి బంపరున్నా చేసేదేం లేదని మెకానిక్కులు చెప్పారు. పోలీసులూ అదే అన్నారు. పాషా ఎవరి మాటా చెవిన పెట్టలేదు. తన నోటితో అన్న "సరే పో" ఒక్కటే అతని చెవిలో మిగిలిపోయింది. రంగు ఆరిన ఆ బంపరును గోనెపట్టాలో చుట్టి తలుపు వెనక నిలబెట్టాడు. ఆ తర్వాత బంపరు లేని బండి అతని షెడ్డు గుమ్మం దాటలేదు. సంసోను భార్య సంపూర్ణ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. ఆమె కూడా ఆ వైపు రావడం మానేసింది.

"ఇరమ్ అబ్బా, గది అమ్మవు, పారెయ్యవు. ఏం చేస్తవు దాన్ని?" అని షెడ్డు ఊడ్చినప్పుడల్లా, కూతురి పేరుతోనే మొగుణ్ణి పిలిచే గులాబ్ బీ అడిగేది. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసి, దాని చుట్టూ జాగ్రత్తగా ఊడవడం మొదలుపెట్టింది.

ఇలా ఏడేళ్ళు గడిచాయి. రెండువేల అయిదు జూన్‌లో, తొలకరి పడిన వారం, పక్కనే ఎస్టీడీ బూతు నడిపే బొజ్జయ్య షెడ్డులోకి దూసుకొచ్చాడు.

"పాషా భాయ్! మన సంసోను కొడుకు ఫోన్ చేసిండు, హైదరాబాద్ కెల్లి. ట్రాక్స్ కారు తెస్తుండంట. ముందు బంపర్ చిచ్చానే పెట్టాలె అన్నడు. పై శనివారం వస్తడంట."

"ట్రాక్స్ కారేంది? ట్రాక్స్ జీపు గదా?"

"పట్నంల అన్నింటినీ కార్లే అంటరు తియ్," అన్నాడు బొజ్జయ్య, పట్నం మొత్తం చదివేసినవాడిలా.

జస్టిన్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. హైదరాబాదులో ఒక గ్యారేజీలో పనిచేస్తున్నాడని తెలుసు గానీ, బండి కొనుక్కునే దాకా వచ్చాడని పాషాకు తెలియదు. తండ్రి తోలిన బండే కొడుకూ కొన్నాడు! పాషాకు పట్టలేని సంతోషం కలిగింది. ఆ వెనకే భయం కూడా వేసింది. ఈసారి ఆలస్యం కాకూడదు. బండి వచ్చేసరికి బంపరు సిద్ధంగా ఉండాలి. ఖమ్మం నుంచి తాను అంతవరకు వాడనంత మందం పైపు తెప్పించాడు. ఎనిమిది జానలకు రెండు వేళ్ళు తక్కువ. ఒక పైపు చాలదని కింద ఇంకో పైపు, మధ్యలో నిలువు కమ్మీలు. వారం రోజులు వేరే పని ముట్టలేదు. తయారయ్యాక ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేదది.

"దీంతోటి అడివినే గుద్దొచ్చు," అన్నాడు బొజ్జయ్య. పాషా మురిసిపోయి మూడు చుక్కలు కొట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఒక డీసీఎం వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక పలకలు దించి, మెల్లగా కిందికి దొర్లించింది మాత్రం జీపు కాదు. చిన్న తెల్ల కారు. పాతది. నేలకు అతుక్కున్నట్టుంది. ముందు బంపరు లేక పళ్ళూడిన నోరులా ఉంది దాని మొహం. లోపల ఒకటే సీటు, మిగతా అంతా ఖాళీ. పైకప్పు కింద మాత్రం ఇనప పైపులు అల్లి ఉన్నాయి. వెనక నుంచి అచ్చం సంసోను నవ్వుతో జస్టిన్ దిగాడు.

"సలాం చిచ్చా! మంచిగున్నవా?" అంటూ వచ్చి, షెడ్డు మధ్యలో ఉన్న దాన్ని చూసి ఆగిపోయాడు. "ఇదేంది చిచ్చా?"

"నీ ట్రాక్స్‌కు బంపర్. బండి ఏది బిడ్డా, వెనక వస్తుందా?"

జస్టిన్ బొజ్జయ్య వైపు చూశాడు. బొజ్జయ్య కారు వైపు చూశాడు. "ట్రాక్స్ కాదు చిచ్చా, ట్రాక్! ట్రాక్ కారు. రేసులు పెడతరు చూడు, ఆ రోడ్డును ట్రాక్ అంటరు. మద్రాసు దగ్గరుంది. రేపు కాక పై ఆదివారం నా మొదటి రేసు."

పాషా అలవాటు కొద్దీ వెళ్ళి జాన వేసి చూశాడు. సరిగ్గా ఏడు జానలు. తను చేసిన బంపరు అటు అయిదు వేళ్ళు, ఇటు అయిదు వేళ్ళు బయటికి వస్తుంది. దాన్ని బిగిస్తే కారు ముక్కు నేలకు ఆనుతుంది. జస్టిన్ నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. బొజ్జయ్య ఎవరో ఫోనుకు వచ్చారని చెప్పి జారుకున్నాడు, ఫోను దగ్గర ఎవరూ లేరు. పాషా కూడా కడుపుబ్బ నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ ఉండగా అప్పుడు చెవికెక్కింది, రేసు అన్న మాట.

"ఎంత జోరుల పోతరు ఆడ?"

"నూటయాభై దాంక పోతది చిచ్చా."

జస్టిన్ వ్యానులోంచి పొడుగాటి మూట తెచ్చి విప్పాడు. ఫైబర్‌తో చేసిన నల్ల బంపరు. కోయంబత్తూరు నుంచి తెప్పించాడట. గాలి పోవడానికి మధ్యలో పెద్ద నోరు ఉంది. పాషా దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు. గోటితో కొట్టి చూశాడు. డుప్పుడుప్పుమంది.

"దీన్ని పెట్టుకొని నూటయాభైల పోతవా? అట్టముక్క గిది!"

"ఇది పగలాలె చిచ్చా. గుద్దితే ఇది పగిలి దెబ్బను తినేస్తది. దెబ్బ నా దాకా రాదు. నీ ఇనుము ఒంగదు గదా, ఆ దెబ్బ మొత్తం తెచ్చి నాకే ఇస్తది. రేసు బండికి ముందు ఇనుము పెట్టనియ్యరు కూడా."

"బంపర్ పగిలితే మనిషి మిగుల్తడా? నాకు చెప్పకు బిడ్డా, నాకు తెల్సు." గొంతు ఎందుకు పెరిగిందో పాషాకే తెలియలేదు. "నేను పెట్ట. ఇంకెవరితోనన్న పెట్టించుకో."

చేతులు కడుక్కుని నమాజుకు వెళ్ళిపోయాడు. జస్టిన్ కారును షెడ్డులోనే వదిలి, తల దించుకుని ఇంటికి వెళ్ళాడు. ఆ సాయంత్రం పాషా అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. ఆ పిల్లాడిని మరో షెడ్డుకు పంపడం కూడా "సరే పో" అనడమే కదా అన్న ఆలోచన వచ్చి, కంచం పక్కకు జరిపాడు.

ఆదివారం ప్రార్థన వదిలాక షెడ్డు ముందు నీడ పడింది. తలెత్తి చూస్తే సంపూర్ణ. తెల్లచీర, చేతిలో బైబిలు. వెనక జస్టిన్ దూరంగా నిలబడ్డాడు. పారిపోవడానికి ఈసారి పక్క సందు లేదు. పాషా లేచి నిలబడ్డాడు.

"అన్నా," అంది ఆమె, "ఆ దినం ఆయన్ని తొందర పెట్టింది నేనే. నొప్పులు పడ్డది నాకు తెలిసిన పిల్ల. బంపర్ లేదు, పాషా అరగంట ఆగమంటడు అని ఆయన అంటనే ఉన్నడు. బంపర్ రేపు పెట్టుకుందువు, ముందు నడువు అన్నది నేను. మీరు పొమ్మన్నరని మీరు మోస్తున్నరు. నేను తరిమిన అని నేను మోస్తున్న. ఏడేండ్లు ఒక్క ఊళ్ళనే ఉండి, ఇద్దరం మాట్లాడుకోకపోతిమి."

పాషా చేతిలో ఉన్న పానా ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"వీణ్ణి ఆపే బలం నాకు లేదన్నా. వీళ్ళ నాయన పోలికే. పగలాల్సిన బంపరంట, పగిల్తేనే మంచిదంట, నాకు రాత్రంత చెప్పిండు. నాకు సగమే అర్థమైంది. పెట్టేది ఏదైనా గాని, మీ చేత్తోనే పెట్టండి. ఇంకొకరు పెడితే నాకు నిద్ర పట్టదు."

ఏడేళ్ళుగా తన ఒక్కడిదే అనుకున్న బరువుకు ఇంకో కొస వేరే ఇంట్లో ఒకరు పట్టుకుని ఉన్నారని తెలిసి పాషాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఏడ్చాడు. గులాబ్ బీ లోపల నుంచి వచ్చి సంపూర్ణ చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"జస్టిన్," అని పిలిచాడు పాషా కళ్ళు తుడుచుకుని. "ఏదిరా నీ అట్టముక్క, తే."

వ్యాను మర్నాడు పొద్దున్నే మద్రాసు వెళ్ళాలి. చేతిలో ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. బంపరు పట్టి చూస్తే దాని బెజ్జాలు కారు బెజ్జాలకు రెండు వేళ్ళు తప్పాయి. ఎడమ పక్క మడ్‌గార్డుకు అతుక్కుంటే కుడి పక్క నోరు తెరుస్తోంది. బోల్టు పెట్టి లాగి బిగిద్దామన్నాడు జస్టిన్.

"ఇనుమైతే లాగుత. దీన్ని లాగితే ఆడనే పగుల్తది. రేసుల పగలాలె గాని నా షెడ్డుల పగలొద్దు గదా," అన్నాడు పాషా.

తాడుతో బంపరును కారుకు వేలాడదీశాడు. వంగి, వెనక్కి జరిగి, కన్ను మూసి చూశాడు. సుద్దతో గీతలు పెట్టాడు. డ్రిల్లు పెద్దది వాడకుండా, ఆకురాయి పట్టుకుని బెజ్జాలను అడ్డంగా సాగదీశాడు. ఒక్కో బెజ్జానికి అరగంట. ఇనుముతో ముప్ఫై ఏళ్ళు పెనుగులాడిన చెయ్యి ఈ పని దగ్గర మెత్తబడాల్సి వచ్చింది. మొదట చిరాకు పడ్డాడు, తర్వాత సరదా పుట్టింది. రేకు కత్తిరించి పల్చటి పట్టీలు చేశాడు. పాత సైకిల్ ట్యూబును గుండ్రటి బిళ్ళలుగా కోసి ప్రతి వాషరు కిందా వేశాడు, బిగింపు ఫైబర్ మీద పడకుండా రబ్బరు మీద పడేలా. నట్లను చేత్తోనే తిప్పి, ఆఖరికి పానాతో పావు చుట్టు. అంతకు మించి ఒక్క చుట్టు కూడా తిప్పనివ్వలేదు. అన్నీ అయ్యాక కుడి పక్కా ఎడమ పక్కా సందులో ఒకే మందాన సుద్దముక్క దూరింది.

"మా గ్యారేజీల గిట్ల ఎవరికీ రాదు చిచ్చా," అన్నాడు జస్టిన్.

"ఇంక ఏమన్న ఉన్నదా?"

"ఒక కొండి ఉండాలె ముందు. కారు ఇసుకల పడితే తాడు తగిలించి లాగనీకి. అదొక్కటి మాత్రం ఇనుమే ఉండాల్నంట, చాసిస్‌కే బిగియ్యాల్నంట." జస్టిన్ తెచ్చిన కొండి పల్చగా ఉంది, బెజ్జాలు కూడా కలవలేదు.

పాషా దాన్ని పక్కన పడేశాడు. తలుపు వెనక్కి వెళ్ళాడు. గోనెపట్టా విప్పాడు. ఏడేళ్ళకు కూడా ఆ బంపరు రంగు చెక్కు చెదరలేదు. అక్కడున్న అందరి ముందు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంపూర్ణ దాన్ని వెంటనే గుర్తుపట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాషా హ్యాక్సా బ్లేడు పెట్టి బంపరు ఎడమ కొసను, మూడు చుక్కలున్న భాగాన్ని, జానెడు కోశాడు. మంటలో ఎర్రగా కాల్చి, చీల్చి, సుత్తితో సాగగొట్టి, వంచాడు. చాసిస్‌కు రెండు బోల్టులతో, ఈసారి తన బలమంతా పెట్టి బిగించాడు. బంపరు నోట్లోంచి ఆ కొండి బయటికి వచ్చింది. మూడు చుక్కలూ పైకే ఉన్నాయి.

వెళ్ళే ముందు పాస్టరుగారు వచ్చి కారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. సంపూర్ణా జస్టినూ కళ్ళు మూసుకున్నారు. పాషా ఒక పక్కన నిలబడి అరచేతులు చాచి దువా చేశాడు. ఎవరి మాటలు వాళ్ళవి, అడిగింది మాత్రం ఒకటే.

తర్వాతి ఆదివారం సాయంత్రం అసర్ నమాజు కాగానే పాషా బొజ్జయ్య బూతులో తిష్ట వేశాడు. ఫోను మోగినప్పుడల్లా లేచాడు. నాలుగుసార్లు వేరేవాళ్ళవే. పొద్దు గుంకే వేళకు అయిదోసారి మోగింది. బొజ్జయ్య ఎత్తి, పేరు వినగానే రిసీవరు పాషా చేతిలో పెట్టాడు.

"నేను విననే వినను. ఏదున్నా నువ్వే విను," అన్నాడు.

"చిచ్చా!" జస్టిన్ గొంతు, వెనక ఇంజన్ల మోత. "మూడో చుట్టుల వెనకోడు తగిలిండు. తిరిగిపోయి టైర్ల గోడను కొట్టిన. బంపర్ ముక్కలు ముక్కలైంది చిచ్చా, ఒక్క ముక్క మిగల్లే."

"నువ్వు బిడ్డా? నీకు?"

"నాకేం కాలె. దిగి నడుచుకుంట వచ్చిన. నీ కొండికే తాడు కట్టి కారు లాగిండ్రు. జర్ర కూడ ఒంగలె అది."

పాషా రిసీవరు పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళలో తను బిగించిన బంపరు ఒకటి పగిలిందని విని సంతోషపడడం అదే మొదలు. ఇంటివైపు కాకుండా, ఏడేళ్ళుగా తప్పించుకు తిరిగిన సంపూర్ణ ఇంటి సందులోకి నడిచాడు. సంపూర్ణ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అతన్ని చూసి చేట పట్టుకున్న చేతులు ఆగిపోయాయి.

"చెల్లే," అన్నాడు పాషా గేటు తీసుకుని లోపలికి వస్తూ, "బంపర్ పగిలిందంట!"

సంపూర్ణ చేట కింద పెట్టి, ఆకాశం వైపు చూసి, "స్తోత్రం" అంది. తర్వాత లోపలికి వెళ్ళి అతనికి కుర్చీ తెచ్చి వేసింది.